ఇంజనీరుకు మరో భాష: ఎందుకు, ఎంతవరకు?



మన ట్రస్టు స్కాలర్‌షిప్ దరఖాస్తులో "తెలిసిన భాషలు" అని ఒక గడి ఉంటుంది. కొన్నేళ్ళుగా ఇంటర్వ్యూలకు కూర్చుంటున్నాను కాబట్టి ముందుగా ఆ గడి చూడడం నాకు అలవాటైపోయింది. ఇంజనీరింగు చదివే పిల్లల్లో చాలామంది అక్కడ రెండే మాటలు రాస్తారు: ఇంగ్లీషు, హిందీ.

కిందటిసారి షోలాపూరు నుంచి వచ్చిన ఒక అబ్బాయిని అడిగాను.

"మరాఠీ రాదా బాబూ?"

"వస్తుంది సార్. పదో తరగతి వరకు మరాఠీ మీడియమే."

"మరి తెలుగు?"

"ఇంట్లో అదే కదా సార్."

"మరి రాయలేదేం?"

ఆ అబ్బాయి కాస్త సిగ్గుపడ్డాడు. "ఇంట్లో మాట్లాడేది కూడా లెక్కలోకి వస్తుందా సార్?" అన్నాడు.

వస్తుంది. ఎలా వస్తుందో చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. నేను చెప్పదలచుకున్నవి రెండే సంగతులు. ఒకటి, ఇంజనీరుకు విదేశీ భాష అలంకారం కాదు, పనిముట్టు. సగంలో వదిలేసిన పనిముట్టు ఎందుకూ కొరగాదు. రెండు, రాష్ట్రం బయట తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలకు ఈ విషయంలో ముందే కొంత పెట్టుబడి ఉంది. దాన్ని వాళ్ళూ గుర్తించడం లేదు, మనమూ గుర్తించడం లేదు.

ఒక వాక్యం ఖరీదు

నేను మెకానికల్ ఇంజనీరును. పుణె చుట్టుపక్కల ఫ్యాక్టరీలలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాను. 1993లో మా ఫ్యాక్టరీకి జర్మనీ నుంచి ఒక పాత హైడ్రాలిక్ ప్రెస్సు వచ్చింది. దానితోపాటు ఒక లావుపాటి పుస్తకం, మొత్తం జర్మన్‌లోనే. మాలో ఎవరికీ ఆ భాష రాదు. బొమ్మలు చూశాం, పట్టికలలో అంకెలు చూశాం, యంత్రాన్ని నిలబెట్టాం. అంకెలు తెలిస్తే చాలు, మిగతాది మన అనుభవం చూసుకుంటుందని మా ధైర్యం.

రెండు నెలలకు ప్రెస్సు ఒక పక్కకు ఒరగడం మొదలుపెట్టింది. గమనించేసరికి గైడ్‌లు గీరుకుపోయాయి. మూడు వారాలు పని ఆగిపోయింది. అప్పుడు పుణెలో జర్మన్ చదువుకుంటున్న ఒక కాలేజీ అమ్మాయిని పిలిపించి ఆ పుస్తకం చదివించాం. ఒక పట్టిక కింద సన్న అక్షరాలలో ఒక వాక్యం ఉంది. మొదటి 50 గంటలు నడిచాక టై రాడ్ నట్లన్నీ మళ్ళీ బిగించాలని దాని అర్థం.

కాని ఆ అమ్మాయి మొదట చెప్పిన అర్థం అది కాదు. అక్కడ "నాఖ్‌త్సీయెన్" అనే మాట ఉంది. విడదీసి చూస్తే "తర్వాత లాగడం" అవుతుంది. "నట్లను తర్వాత లాగాలి అని ఉంది సార్, నట్లను ఎలా లాగుతారు?" అని ఆమే నన్ను అడిగింది. నాకు ఒక్కసారిగా వెలిగింది. మాట ఆమెకు తెలుసు, పని నాకు తెలుసు. ఆ రెండూ ఒకే మనిషి దగ్గర ఉండి ఉంటే ఆ మూడు వారాల నష్టం జరిగేది కాదు.

మరుసటి ఏడాది ఇద్దరు ఇంజనీర్లను ఆరు నెలల శిక్షణకు జర్మనీ పంపాలనుకున్నారు. ప్రాథమికంగానైనా జర్మన్ రావాలన్నది షరతు. అనుభవంలో నేను ముందున్నాను. వెళ్ళిన ఇద్దరిలో ఒకతను నాకంటే అయిదేళ్ళు చిన్నవాడు, రెండేళ్ళుగా సాయంత్రం తరగతులకు వెళుతున్నవాడు. నాకు బాధ కలగలేదని చెప్పను. కాని అతని మీద కోపగించుకోవడానికి నాకు కారణం దొరకలేదు. ఆ నెలలోనే నేను కూడా సాయంత్రం తరగతిలో చేరాను. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. పందొమ్మిదేళ్ళప్పుడు మొదలుపెట్టి ఉంటే సగం శ్రమతో అయిపోయేది.

అంకెలకూ భాష ఉంటుంది

ఇంజనీరింగు అంతా అంకెలే కదా, అవి ఏ దేశంలోనైనా ఒకటే కదా అనుకునే విద్యార్థుల కోసం రెండు మూడు చిన్న ఉదాహరణలు చెబుతాను.

మనం వెయ్యిన్నర రాయాలంటే 1,500 అని కామా పెడతాం, ఒకటిన్నర రాయాలంటే 1.5 అని చుక్క పెడతాం. జర్మన్ల పద్ధతి దీనికి తిరగేసి ఉంటుంది. వాళ్ళ కాగితం మీద 1,500 అంటే ఒకటిన్నర, 1.500 అంటే వెయ్యిన్నర. తెలియనివాడు ఒకటిన్నర మిల్లీమీటర్లను వెయ్యిన్నర అని చదవవచ్చు. అంత పెద్ద తప్పు ఎలాగూ బయటపడుతుంది. పీడనం, బరువు, చమురు పరిమాణం వంటి చోట్ల అది వెంటనే బయటపడకపోవచ్చు.

ఇంగ్లీషులో బిలియన్ అంటే వంద కోట్లు. అదే మాట జర్మన్‌లో కనిపిస్తే లక్ష కోట్లు. వంద కోట్లకు వాళ్ళు "మిలియార్డె" అంటారు. టెండరు కాగితాలు చదివేవారికి ఇది తప్పక తెలియాలి.

ఇక డ్రాయింగు సంగతి. మన కాలేజీలలో ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షన్ నేర్పుతారు. జర్మనీలోనూ అదే వాడుక. జపాను ప్రమాణాల ప్రకారం గీసే డ్రాయింగులలో థర్డ్ యాంగిల్ ఉంటుంది. పై నుంచి చూసిన బొమ్మ మనకు కింద ఉంటే వాళ్ళకు పైన ఉంటుంది. మూలన ఉండే చిన్న గుర్తు చూడకుండా పని మొదలుపెడితే కుడిపక్క పడాల్సిన రంధ్రం ఎడమపక్క పడుతుంది. భాష నేర్చుకునేవాడు మాటలతోపాటు ఇలాంటి పద్ధతులూ నేర్చుకుంటాడు. అసలు లాభం అదే.

మన ఊళ్ళకు ఈ భాషలు కొత్త కాదు

విదేశీ భాష అనగానే విదేశం వెళ్ళేవారికే అనుకుంటాం. మనం ఉంటున్న చోట్లే చూడండి.

ఒడిశాలోని రూర్కెలా ఉక్కు కర్మాగారం పశ్చిమ జర్మనీ సహకారంతో వచ్చింది. అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1959లో ప్రారంభమైంది. అదే ఏడాది పశ్చిమ జర్మనీ సాయంతోనే మద్రాసు ఐఐటీ మొదలైంది. కోరాపుట్ జిల్లా సునాబెడాలో మిగ్ విమానాల ఇంజన్ల కర్మాగారం సోవియట్ సహకారంతో ఏర్పడింది. ఆ పక్కనే దామన్‌జోడిలో నాల్కో అల్యూమినా శుద్ధి కర్మాగారానికి సాంకేతిక పరిజ్ఞానం ఫ్రాన్సుకు చెందిన పెషినే సంస్థ నుంచి వచ్చింది. తమిళనాడులోని కల్పాక్కంలో 1985లో పనిచేయడం మొదలుపెట్టిన ఫాస్ట్ బ్రీడర్ టెస్ట్ రియాక్టరు ఫ్రెంచి సహకారంతో రూపొందినదే. ఈ ప్రాజెక్టుల మూల పత్రాలు ఇంగ్లీషులో పుట్టినవి కావు.

ఇప్పటి సంగతి చూద్దాం. కర్ణాటకలో బాష్ సంస్థ మైకో పేరుతో 1951 నుంచీ మనకు తెలిసినదే. బిడదిలో టొయోటా ఉంది. పుణె దగ్గర చాకణ్‌లో ఫోక్స్‌వాగన్ కర్మాగారం 2009లో ప్రారంభమైంది. తమిళనాడులో శ్రీపెరుంబుదూరు దగ్గర కొరియా వారి హ్యుందాయ్ ఉంది. తమిళనాడు సరిహద్దును ఆనుకుని ఉన్న శ్రీసిటీలో ఇసుజు వంటి జపాను సంస్థలతోపాటు మెట్రో రైలు పెట్టెలు చేసే ఫ్రెంచి సంస్థ ఆల్‌స్టామ్ కూడా ఉంది. అనంతపురం వైపు పెనుకొండలో కియా కర్మాగారం 2019 నుంచి నడుస్తోంది.

ఈ సంస్థల్లో రోజువారీ పని ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ సాగుతుంది. కాబట్టి విదేశీ భాష రాకపోతే ఉద్యోగమే రాదని ఎవరైనా చెబితే నమ్మకండి. కాని కొత్త మోడలు వచ్చినప్పుడు, కొత్త యంత్రం దిగినప్పుడు, నాణ్యతలో లోపం వచ్చి మాతృసంస్థ నుంచి మనుషులు వచ్చినప్పుడు ముందు వరసలో ఎవరు నిలబడతారు? వాళ్ళు తమలో తాము మాట్లాడుకునేది ఎవరికి అర్థమవుతుందో వాళ్ళే.

ఇక యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న ఊరు. అక్కడి పెద్దలకు ఫ్రెంచి ఇంటిపక్క భాషలాంటిది. ఆ ఊరి పిల్లలు ఫ్రెంచిని మార్కుల కోసం తీసుకునే పాఠంగా చూడకుండా ఇంజనీరింగుకు జోడించుకుంటే విమానయానం, రైల్వే, అణువిద్యుత్తు రంగాలలో పనికివస్తుంది.

మనకు ముందే ఉన్న పెట్టుబడి

ఇప్పుడు ఆ షోలాపూరు అబ్బాయి అడిగిన ప్రశ్నకు వస్తాను. ఇంట్లో మాట్లాడే భాష ఎలా లెక్కలోకి వస్తుంది?

జపనీస్ తీసుకోండి. ఇంగ్లీషు మాత్రమే వచ్చినవారికి ఆ వాక్యం తలకిందులుగా కనిపిస్తుంది. మనకు తిన్నగానే ఉంటుంది. క్రియ చివర వస్తుంది. "కి", "లో", "తో" వంటి ప్రత్యయాలు మాట తర్వాతే చేరతాయి. "నిన్న కొన్న పుస్తకం" అనే మాటలను అదే వరసలో "కినో కత్త హొన్" అంటారు. "కినో" నిన్న, "కత్త" కొన్న, "హొన్" పుస్తకం. "వస్తానని అన్నాడు" అనడంలో మన "అని" ఉన్న చోటనే వాళ్ళకు "తో" ఉంటుంది. "వస్తాడా?" అని మనం చివర "ఆ" చేర్చినట్లు వాళ్ళు "క" చేరుస్తారు. కొరియన్ భాషలోనూ వాక్యం వరస ఇదే. తమిళం, కన్నడం కూడా ఇంతే కాబట్టి చెన్నైలోనో బెంగళూరులోనో పెరిగిన మన పిల్లలకు ఈ దారి రెండు వైపులనుంచీ తెలిసినదే.

ఇంకొక సంగతి. జపనీస్‌లో హ్రస్వం, దీర్ఘం మారితే అర్థం మారుతుంది. "ఒబసన్" అంటే పిన్ని, అత్త వరసవారు. "ఒబాసన్" అంటే అమ్మమ్మ, నాయనమ్మ. ఎ ఏ, ఒ ఓ తేడాలు కూడా చెవికి తెలియాలి. తెలుగు అక్షరాలు దిద్దిన పిల్లలకు ఈ తేడా వేరే నేర్పనక్కరలేదు.

జర్మన్‌లో ప్రతి నామవాచకానికీ పుంలింగమో, స్త్రీలింగమో, నపుంసకలింగమో ఉంటుంది: డేర్, డీ, డాస్. బల్ల మగ, గడియారం ఆడ ఎందుకయ్యాయని అడిగితే జవాబు ఉండదు. చాలామంది ఇక్కడే విసుగెత్తి మానేస్తారు. కాని మరాఠీలో "తో, తీ, తే" అంటూ పెరిగిన షోలాపూరు పిల్లవాడికి ఇందులో వింత ఏముంది? జర్మన్‌లో 21ని "ఒకటీ ఇరవై" అన్నట్లు చెబుతారు. మరాఠీ, హిందీ, ఒడియాలలోనూ ఒకట్లే ముందు వస్తాయి. జపనీస్‌లో మన తెలుగులోలాగే పదులు ముందు వస్తాయి. రెండు పద్ధతులూ మన పిల్లల నోట్లో ఉన్నవే.

జర్మన్ సాంకేతిక పదాలు పొడుగ్గా ఉండి భయపెడతాయి. అవి మన సమాసాలే. "డ్రేమొమెంట్‌ష్లుస్సెల్" అనే మాటను విడదీస్తే తిరుగుడు, మొమెంట్, తాళంచెవి. అంటే టార్క్ రెంచి. చివరి మాట అసలు వస్తువు, ముందు మాటలు దాని వివరం. తెలుగు మాస్టారు చెప్పిన తత్పురుష సమాసం గుర్తు తెచ్చుకుంటే చాలు, పుస్తకం సగం తేలికవుతుంది.

తేలిక కానిది కూడా చెప్పాలి. జపనీస్ లిపిలో చైనా నుంచి వచ్చిన కంజీ అక్షరాలుంటాయి. అక్కడి ప్రభుత్వం నిత్య వాడుకకు నిర్ణయించిన జాబితాలోనే 2,136 ఉన్నాయి. వాటికి దగ్గరి దారి లేదు. రోజుకు నాలుగైదు చొప్పున ఏళ్ళ తరబడి దిద్దుకోవాల్సిందే.

ఎంతవరకు నేర్చుకోవాలి?

ఐరోపా భాషలకు ఏ1, ఏ2, బి1, బి2, సి1, సి2 అని ఆరు మెట్లు ఉన్నాయి. జపనీస్ పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్5 అన్నిటికంటే కింద మెట్టు, ఎన్1 పై మెట్టు. ఏ1 అంటే పేరు, ఊరు చెప్పి, టీ అడగగలగడం. బి1 అంటే తెలిసిన విషయం మీద తడబడుతూనైనా పని జరుపుకోగలగడం. బి2 అంటే తన వృత్తి విషయాలు చదివి, చర్చించగలగడం.

నా అనుభవంలో ఇంజనీరుకు ఉపయోగం బి1 దగ్గర మొదలై బి2 దగ్గర నిలదొక్కుకుంటుంది. జపనీస్‌లో ఎన్3 దగ్గర మొదలై ఎన్2 దగ్గర నిలదొక్కుకుంటుంది. దానికి కింద ఆగిపోతే సర్టిఫికెట్టు మిగులుతుంది, భాష మిగలదు. మూడు భాషలలో ఏ1 సంపాదించినవారి కంటే ఒక భాషలో బి1 ఉన్నవారే మేలు.

జర్మన్ నేర్పే గోథె ఇన్‌స్టిట్యూట్ అంచనా ప్రకారం బి1 చేరడానికి 45 నిమిషాల పాఠాలు 350 నుంచి 650 వరకు, బి2 చేరడానికి 600 నుంచి 800 వరకు కావాలి. ఈ లెక్క మొదటి పాఠం నుంచి మొదలవుతుంది. ఇది చూసి బెదరకండి. వారానికి అయిదు రోజులు, రోజుకు ఒక గంట, ఏడాదికి 40 వారాలు చదివితే 200 గంటలు. మూడేళ్ళలో 600 గంటలు. ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో మొదలుపెట్టినవాడు మూడో సంవత్సరం ముగిసేసరికి బి1 దాటగలడు. చివరి సంవత్సరంలో ఉద్యోగాల హడావుడి మొదలయ్యాక చేరినవాడు దాటలేడు. "30 రోజుల్లో జర్మన్" అనే బోర్డులు చూసినప్పుడు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

ఇంకో జాగ్రత్త. జేఎల్‌పీటీ పరీక్షలో మాట్లాడే భాగం లేదు. ఎన్3 పాసై నోరు విప్పలేనివారిని చూశాను. మొదటి నెల నుంచే బిగ్గరగా చదవడం, ఎవరితోనైనా మాట్లాడడం అలవాటు చేసుకోవాలి.

ఫోను అనువదిస్తుంది కదా?

ఈ ప్రశ్న ఇప్పుడు ప్రతి విద్యార్థీ అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. 1993లో మా దగ్గర ఫోటో తీస్తే అర్థం చెప్పే ఫోను ఉండి ఉంటే ఆ నట్ల వాక్యం బహుశా మాకు తెలిసేది. కేవలం అనువాదం చేసి బతకాలనుకునేవారికి ఈ యంత్రాల వల్ల పని తగ్గుతుంది. అందుకే భాష ఒక్కటే నేర్చుకోమని నేను చెప్పడం లేదు, ఇంజనీరింగుతో కలిపి నేర్చుకోమంటున్నాను.

ఫోను కాగితాన్ని చదువుతుంది. కాని తప్పు చదివినప్పుడు పట్టుకోవడానికి మనిషికి ఆ భాష ఎంతో కొంత తెలియాలి. ప్రెస్సు చప్పుడులో, నూనె చేతులతో, ఇద్దరు వంగి ఒక బేరింగు చూస్తున్నప్పుడు మధ్యలో ఫోను పెట్టుకుని మాట్లాడడం సాగదు. అంతకంటే ముఖ్యమైనది నమ్మకం. జర్మన్ ఫోర్‌మన్ ఒకాయనతో నేను మొదటిసారి తప్పుల తడకగా ఆయన భాషలోనే ప్రశ్న అడిగాను. అప్పటిదాకా క్లుప్తంగా జవాబులిచ్చిన మనిషి, కాగితం తీసి బొమ్మ గీసి పావుగంట చెప్పాడు. పుస్తకంలో లేని విషయాలు అప్పుడే బయటికి వచ్చాయి.

తల్లిదండ్రులకు ఒక మాట

రెండేళ్ళ కిందట ఒక మరమగ్గం కార్మికుడి కొడుకు నా దగ్గరకు వచ్చాడు. ఇంజనీరింగు పాసయ్యాడు. జర్మనీలో ఉద్యోగం అని చెప్పి ఒక ఏజెంటు డబ్బు కట్టించుకుని, రెండు నెలలు తరగతులు పెట్టి, ఏ1 సర్టిఫికెట్టు ఇప్పించాడు. ఆ డబ్బు కోసం వాళ్ళమ్మ గాజులు తాకట్టు పెట్టింది. వీసాకు కనీస అర్హత వేరు, పనిలో పెట్టుకునేవాళ్ళు కోరే స్థాయి వేరు అని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఉద్యోగం రాలేదు. గాజులు ఇంకా విడిపించలేదు. ఇలాంటిది మరొకరికి జరగకూడదు, అందుకే కొన్ని వివరాలు ఇస్తున్నాను.

జర్మనీ 2024 జూన్‌లో ఆపర్చునిటీ కార్డు అనే పద్ధతి ప్రవేశపెట్టింది. దానికి భాషలో కనీస అర్హత ఏ1 జర్మన్ లేదా బి2 ఇంగ్లీషు. అది అక్కడికి వెళ్ళి ఉద్యోగం వెతుక్కోవడానికి అనుమతి మాత్రమే, ఉద్యోగం కాదు. అదే ఏడాది అక్టోబరులో భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20,000 నుంచి 90,000కు పెంచుతామని జర్మనీ ప్రకటించింది. తలుపు వెడల్పయిన మాట నిజమే. లోపలికి వెళ్ళాక నిలబెట్టేది మాత్రం విద్య, భాష.

చదువు కోసం వెళ్ళేవారికి: జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో చాలావాటిలో ట్యూషన్ ఫీజు లేదు. కాని బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మన దేశం వంటి బయటి దేశాల విద్యార్థులకు 2017 నుంచి సెమిస్టరుకు 1,500 యూరోల ఫీజు ఉంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కూడా 2024 నుంచి ఫీజు పెట్టింది. ఫీజు లేకపోయినా ఖర్చుల కోసం ఏడాదికి సరిపడా సొమ్ము బ్లాక్డ్ అకౌంటులో చూపాలి. 2024 సెప్టెంబరులో ఆ మొత్తాన్ని 11,904 యూరోలుగా నిర్ణయించారు. మన సర్టిఫికెట్లను పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ ధ్రువపత్రం 2022 నవంబరు నుంచి తప్పనిసరి. బీటెక్ స్థాయి కోర్సులు ఎక్కువగా జర్మన్‌లోనే ఉంటాయి. ఎంఎస్ కోర్సులు ఇంగ్లీషులో చాలా దొరుకుతాయి, కాని ఆ తర్వాతి ఉద్యోగానికి జర్మన్ కావాలి. ఈ మొత్తాలు, నియమాలు మారుతుంటాయి. డబ్బు కట్టేముందు రాయబార కార్యాలయం వెబ్‌సైటు పిల్లల చేత చదివించుకోండి. జపాను ప్రభుత్వం ఇచ్చే మెక్స్‌ట్ స్కాలర్‌షిప్పుకు కూడా రాయబార కార్యాలయం ద్వారా దరఖాస్తు చేయవచ్చు.

ఇంకొక విన్నపం. పిల్లలకు ఇంగ్లీషు బాగా రావాలని ఇంట్లో తెలుగు మానిపించకండి. ఇన్ని తరాలుగా పరాయి చోట నిలుపుకున్న భాష అది. పైన చెప్పినట్లు కొత్త భాషకు మెట్టుగా ఉపయోగపడేది కూడా అదే. వీలైతే చదవడం, రాయడం కూడా నేర్పండి.

ఎక్కడ నేర్చుకోవాలి?

మాక్స్ ముల్లర్ భవన్ పేరుతో గోథె ఇన్‌స్టిట్యూట్ పుణె, ముంబయి, బెంగళూరు, చెన్నై నగరాలలో ఉంది. ఫ్రెంచికి అలయాన్స్ ఫ్రాన్సేజ్ ఈ నగరాలతోపాటు పుదుచ్చేరిలో కూడా ఉంది. పుణె విశ్వవిద్యాలయం విదేశీ భాషల విభాగం రానడే ఇన్‌స్టిట్యూట్‌లో నడుస్తోంది.

బరంపురం, రాయగడ, షోలాపూరు, యానాం వంటి ఊళ్ళవారు నిరాశపడనక్కరలేదు. డాయిచె వెల్లె వారి "నీకోస్ వేగ్" జర్మన్ పాఠాలు ఏ1 నుంచి బి1 వరకు ఉచితం. జపనీస్‌కు ఎన్‌హెచ్‌కే వరల్డ్ పాఠాలు, జపాన్ ఫౌండేషన్ వారి "ఇరొదొరి" పుస్తకాలు ఉచితం. మన ఐఐటీల వారు ఎన్‌పీటెల్‌లో పెట్టిన భాషా పాఠాలు కూడా ఉచితమే, పరీక్ష రాయాలంటేనే రుసుం. మొదటి ఆరు నెలలు వీటితో చదవండి. ఆరు నెలలు నిలకడగా సాగితే అప్పుడు డబ్బు కట్టి తరగతిలో చేరండి.

ఏ భాష ఎంచుకోవాలంటే, మీ శాఖ, మీ ఊరికి దగ్గరలో ఉన్న పరిశ్రమ, మీకు దొరికే గురువు, ఈ మూడూ చూసుకోండి. కాని ఒక హెచ్చరిక. సబ్జెక్టులు తప్పి బ్యాక్‌లాగులు పెట్టుకుని భాష నేర్చుకోవద్దు. ఇంజనీరింగు గట్టిగా ఉంటేనే భాష దానికి బలం ఇస్తుంది. థర్మోడైనమిక్స్ రానివాడికి జర్మన్ వచ్చినా చెప్పడానికి ఏమీ ఉండదు.

ఆ గడి ఎలా నింపాలి?

వచ్చే ఏడాది దరఖాస్తులో "తెలిసిన భాషలు" అన్న చోట తెలుగుతో మొదలుపెట్టండి. తర్వాత మీరు పెరిగిన రాష్ట్ర భాష, హిందీ, ఇంగ్లీషు రాయండి. ఒక్కొక్క దాని పక్కన చదవగలరా, రాయగలరా, మాట్లాడగలరా అన్నది నిజాయితీగా రాయండి. ఆ కింద ఇంకొక వరస ఖాళీగా ఉంచండి. మొదటి సంవత్సరంలో అక్కడ "జర్మన్, ఏ1 చదువుతున్నాను" అనో "జపనీస్, ఎన్5" అనో రాస్తే చాలు. ఏటా రెన్యువల్‌కు వచ్చినప్పుడు ఆ వరస ఎంత ముందుకు జరిగిందో నేను తప్పక అడుగుతాను.

షోలాపూరు అబ్బాయి తన దరఖాస్తు వెనక్కి తీసుకుని, నా ఎదుటే తెలుగు, మరాఠీ అని చేర్చాడు. "ఇప్పుడు నాలుగయ్యాయి సార్" అన్నాడు. అయిదోది ఏమిటో వచ్చే ఇంటర్వ్యూలో చెబుతానన్నాడు. మీరందరూ అలాగే వచ్చి చెప్పాలని, మీ కృషి ఫలించాలని కోరుకుంటున్నాను.